బ్యారెల్ ఎవరి చేతిలో పెట్టాలి

అగరుబత్తులు గుచ్చడానికి ఆ రోజు అరటిపండు దొరకలేదట. అందుకని నా రైఫిల్ బ్యారెల్‌లో గుచ్చారు.

నవ్వొస్తోంది కదా? నవ్వండి. చెప్పిన ప్రతిచోటా అందరూ నవ్వారు. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. రెండేళ్లు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి తెప్పించుకున్న బ్యారెల్ అది. పోటీల్లో కాల్చేవాళ్లకు ఇచ్చే అనుమతి మీద విదేశం నుంచి వచ్చింది. వచ్చింది అంటే పూర్తిగా తయారై వచ్చిందని కాదు. లోపల మెలితిరిగిన గాడులు చెక్కి, బయట మొరటుగా వదిలేసి, కావలసిన దానికంటే జానెడు పొడవున్న ఉక్కు గొట్టం. దాన్ని కొలతకు కోయాలి, గుండు కూర్చునే చోటు తొలవాలి, మూతి చదును చేయాలి, అప్పుడు నా పాత రైఫిల్‌కు బిగించాలి. ఇందులో ఎక్కడ చెయ్యి తప్పినా బ్యారెల్ పోయినట్టే. ఇంకొకటి తెప్పించుకునే అనుమతి నాకు మళ్లీ వచ్చేది కాదు.

నేను నర్సంపేట వైపు ఒక సర్కారు బడిలో పీఈటీని. వారమంతా పిల్లలతో ఖోఖో, కబడ్డీ ఆడించి, ఆదివారాలు హన్మకొండ శివార్లలోని రైఫిల్ క్లబ్బులో బోర్లా పడుకుని యాభై మీటర్ల దూరంలోని గురి అట్టను కాలుస్తాను. రాష్ట్ర జట్టులో చోటు మూడేళ్లుగా నా చేతిదాకా వచ్చి పోతోంది. తప్పు నాదే అనుకుని పొద్దున్నే లేచి ఊపిరి బిగబట్టడం, వదలడం ఎన్ని రకాలుగా సాధన చేశానో నాకే తెలుసు. చివరికి తేలిందేమిటంటే పాత బ్యారెల్ లోపల అరిగిపోయింది. నాకు నలభై నాలుగు. కుడి భుజం అప్పుడప్పుడు పట్టేస్తోంది. ఈ కొత్త బ్యారెల్‌తో ఈ ఏడు జట్టులోకి వెళ్లాలి, అంతే. ఇంకేమీ కోరలేదు నేను.

ఎవరి చేత చేయించాలన్నది నా లెక్కలో అసలు ప్రశ్నే కాదు. వరంగల్ బజారులో మా నాన్న ఇనుప సామాన్ల దుకాణం పక్కనే, మేమంతా చాచా అని పిలిచే ఆయన దుకాణం. సర్కారు లైసెన్సు ఉన్న తుపాకుల మిస్త్రీ. నెక్కొండ, పరకాల రైతులు పందుల బెడదకు పెట్టుకున్న తుపాకులు, బ్యాంకుల ముందు నిలబడేవాళ్ల తుపాకులు అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. నా మొదటి రైఫిల్‌కు చెంప ఆనే చోట చెక్క గీకి సరిచేసిందీ ఆయనే. డెబ్బై దాటాయి. ఒక కంటికి ఆపరేషన్ అయింది. కొడుకులిద్దరూ ఏసీలు రిపేరు చేసుకుంటారు, ఈ పని వద్దన్నారు. దుకాణం లైసెన్సు వచ్చే మార్చితో అయిపోతుంది, మళ్లీ రాయించుకోను అని తేల్చేశాడు.

బ్యారెల్ వస్తోందని చెప్పినరోజు చాచా చేతిలో పనిని పక్కన పెట్టాడు. తర్వాత, "తుప్పు గీకుడు, స్ప్రింగులు మార్చుడు... గిదే అయిపోయింది బేటీ పదేండ్ల సంది. కొత్త బ్యారెల్ మీద చెయ్యి వెయ్యక ఎన్నేండ్లాయెనో. ఇగ గిదే నా ఆఖరిది," అన్నాడు.

ఆ మాట వినీ నేను ఏం చేశాను? క్లబ్బు కమిటీ దాకా పోనిచ్చాను. బ్యారెల్‌ను ఇంట్లో పెట్టుకోవడానికి లేదు, క్లబ్బు ఇనుప బీరువాలో ఉండాలి. తాళంచెవి సెక్రటరీ దగ్గర. ఆయనది గ్రానైట్ వ్యాపారం, మాట మెత్తన, అందరికీ 'అన్న'. తాళంచెవి ఉన్నవాడికి సలహా చెప్పే హక్కు కూడా వస్తుందని మన దగ్గర ఒక నమ్మకం.

"చెల్లె, చాచా మంచోడే, నేను కాదంటలేను," అని మొదలుపెట్టాడు. "కానీ వయసు జూడు. కన్ను ఆపరేషనాయె. హైదరాబాద్‌ల కంపెనీ ఉన్నది. ఏసీ రూముల కంప్యూటర్ మిషన్ మీద చేస్తరు. ఫికరే ఉండది."

పక్కనున్న కమిటీ మెంబరు గొంతు తగ్గించాడు. "అదొక్కటే గాదక్కా. కాలం మంచిగ లేదు. తుపాకి పని గాళ్ల చేతుల ఎందుకు పెట్టిన్రని రేపు నలుగురు అంటరు."

"ఎవరా నలుగురు?" అన్నాను.

"నలుగురంటే నలుగురే అక్కా."

గాళ్లట! ఈ మాట అన్న మనిషి ఇంట్లో ఉన్న తుపాకీని వాళ్ల నాన్న కాలం నుంచి బాగుచేస్తున్నవి ఆ చేతులే. రంజాన్ పండక్కి చాచా పంపిన షీర్ ఖుర్మా డబ్బా మా ఇంటికొస్తే నాకూ ఇంత అని లాక్కుని తాగే మనిషి. చేతిలో ఉన్న టీ గ్లాసు వాడి మొహాన కొట్టాల్సింది. నేనేం చేశానంటే, ఆ టీ తాగాను. "ఆలోచిద్దాం" అన్నాను. బళ్లో పిల్లలు నన్ను మిరపకాయ టీచరంటారు. ఆ రోజు ఆ కారం ఏ గంగలో కలిసిందో.

ఈలోపు దసరా వచ్చింది. క్లబ్బులో ఏటా ఆయుధ పూజ చేస్తాం. తూకం రాళ్లకూ తక్కెడకూ బొట్టు పెట్టే ఇంట్లో పుట్టినదాన్ని, ఇనుముకు దండం పెట్టడం నాకు వింత కాదు. పళ్లెంలో బియ్యం పోసి బ్యారెల్‌ను నిలబెట్టారు. పసుపు రాసి బొట్టు పెట్టింది నేనే. ఇది దాచను. ఈలోగా బడి నుంచి ఫోన్ వస్తే బయటికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి బ్యారెల్ మూతిలో ఏడు అగరుబత్తులు పొగలు కక్కుతున్నాయి.

"ఏందన్నా ఇది!"

"అరటిపండు దొరకలే చెల్లె. ఏమైతది? దేవుని పనే గద."

పీకేశాను. పీకితే బూడిదంతా లోపలికే పడింది. అన్నకు అదీ తప్పుగా కనబడలేదు. లోపలికి దుమ్ము పోకూడదని తమలపాకును పసుపు నీళ్లలో ముంచి చుట్టచుట్టి మూతికి బిరడా పెట్టాడు. పైన ఎర్రగుడ్డ చుట్టాడు. "పని మొదలయ్యేదాక గీ గుడ్డ ఇప్పొద్దు. ఇప్పితే పూజ ఫలం పోతది," అని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

పసుపు నీళ్లు, బూడిద, పచ్చి ఆకు. లోపల నూనె చుక్క లేని ఉక్కు. ఆ మూతి లోపలి అంచు మీద గోటి గీత పడినా గుండు దారి తప్పుతుందని తెలిసినవాళ్లం ఆ గదిలో తొమ్మిది మందిమి ఉన్నాం. తొమ్మిది మందిమీ చేతులు కట్టుకుని నిలబడ్డాం. రెండ్రోజుల్లో పని మొదలవుతుంది కదా, అప్పుడు తుడవొచ్చు అనుకున్నాను. పూజ గుడ్డ విప్పమని గొడవ చేస్తే ఆడమనిషి అపశకునం మాట్లాడిందంటారని కూడా అనుకున్నాను.

రెండ్రోజులు కాదు, నెల దాటింది. ఎవరి చేతికివ్వాలన్నది తేలాలంటే కమిటీ కూర్చోవాలి. ఒకాయన మేనకోడలి పెళ్లి. ఒకాయనకు బీపీ. నాకు మండల క్రీడలు, పొద్దున పోతే పొద్దుగూకాక రావడం. మధ్యలో రెండుసార్లు తాళంచెవి అడిగాను. "పని మొదలైతే గద చెల్లె," అన్నాడు అన్న. నాకు విసుగొచ్చింది. ఏదో ఒకటి కానీ, ఎవరో ఒకరు చేయనీ అనుకున్నాను. "సరే, హైదరాబాద్‌కే తీస్కపోదాం," అన్నాను. చాచాకు చెప్పడానికి వెళ్లాను కానీ నిజం చెప్పలేదు. "అది కంప్యూటర్ మిషన్ పని చాచా, నీకు శ్రమెందుకని," అన్నాను. ఆయన నా మొహం వైపు చూసి, "మంచిది బేటీ, మిషన్‌కు కండ్లు మంచిగుంటయి," అన్నాడు. నాకు అక్కడికక్కడే భూమిలోకి పోవాలనిపించింది.

కాగితాలన్నీ పెట్టుకుని సెక్రటరీ కారులో హైదరాబాద్ వెళ్లాం. చల్లటి గదిలో కంపెనీ ఇంజనీరు గుడ్డ విప్పాడు. మూతికి నల్లగా ఏదో అతుక్కుని ఉంది. పట్టకారుతో లాగాడు.

"ఇదేంటి మేడం?"

"తమలపాకు," అన్నాను.

అతను నన్ను చూసిన చూపు చచ్చేదాకా మరచిపోను. సన్నటి కెమెరా లోపలికి పంపాడు. గోడ మీది టీవీలో నా బ్యారెల్ కడుపు కనబడింది. మూతి దగ్గర ఎర్రగా, గరుగ్గా, అమ్మవారు పోసిన మొహంలా గుంటలు. "తుప్పు పట్టిన దానికి మేము గ్యారంటీ ఇవ్వలేం. వేరే బ్యారెల్ తెప్పించుకోండి," అన్నాడతను. వేరేదట! పక్క కొట్లో దొరుకుతుందన్నట్టు.

తిరుగుదారిలో అన్న నిట్టూర్చి, "ఎవరి దిష్టో తగిలింది చెల్లె," అన్నాడు.

దిష్టి! ఘట్‌కేసర్ దగ్గర మొదలుపెట్టి జనగామ దాకా తిట్టాను. నాకు అన్ని తిట్లు వచ్చని నాకే తెలియదు. అన్న స్టీరింగు తిప్పుకుంటూ అన్నీ విన్నాడు. జనగామలో కారాపి, "చాయ్ తాగుతవా?" అన్నాడు. ఆ మెత్తదనం చూస్తే ఇంకా మండింది. తిడితే అరిచేవాడితో గొడవ పడొచ్చు. టీ ఇప్పించేవాడితో ఏం పడతాం?

మర్నాడు కమిటీని అడగలేదు. అడిగే ఓపిక లేదు. బీరువా తాళం తీయించి, బ్యారెల్‌ను, కాగితాలను పట్టుకుని నేరుగా చాచా దుకాణానికి వెళ్లాను. అంతా అప్పటికే ఆయనకు తెలిసిపోయింది. బజారులో ఏది దాగుతుంది గనక. ఆయన బ్యారెల్ మూతి దగ్గర ముక్కు పెట్టి, "హల్ది వాసనొస్తాంది. గదే, పసుపు," అన్నాడు.

"నన్ను తిట్టు చాచా. తిట్టు. జర మనసుకు మంచిగైతది."

"తిట్టుడు తర్వాత. మొదలు కూసో."

లోపలంతా గుడ్డతో తుడిచి నూనె పట్టించాడు. మెత్తటి సీసం ఉండ ఒకటి బ్యారెల్‌లోకి పెట్టి, కడ్డీతో వెనక నుంచి నెమ్మదిగా తోయసాగాడు. రెండు కళ్లూ మూసుకున్నాడు. ఆపరేషన్ అయిన కన్నూ, కాని కన్నూ. సీసం ఎక్కడ బిగుతుగా పోతోందో, ఎక్కడ వదులవుతోందో, ఎక్కడ గీరుకుంటోందో వేళ్లకు తెలుస్తుంది. మిషన్‌కు కళ్లు బాగుంటాయని ఆయన అన్న మాట గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. ఆ పనికి కళ్లే అక్కరలేదు. ఇది తెలిసీ, కన్ను గురించి కమిటీలో మాట్లాడుతుంటే నోరు మూసుకుని కూర్చున్నాను.

కడ్డీ ఆగింది. "ఈడిదాక పైలం ఉన్నది. ఈడికెల్లి ఖరాబ్." మూతి నుంచి నాలుగు వేళ్లు పెట్టి చూపించాడు. "జానెడు ఎక్కువ పంపిన్రు గద. మీ బేవకూఫ్ పనులకు అల్లా జాగ ఇడిచిపెట్టిండు. నాలుగు వేళ్ల మందం కోసేస్త. ఇంకొక్క వారం ఆ బీరువల ఉంటే నేను గూడ ఏం చెయ్యలేకపోదును."

నేను ఏడ్చాను. బజారు మధ్యలో, పట్టపగలు, ముక్కు చీదుకుంటూ. చాచా చూడనట్టే రిజిస్టరు తీసి నా పేరు, రైఫిల్ నంబరు రాసుకున్నాడు.

ఆయన పని చేసే తీరు ఒకటుంది. పెద్ద పని ఏదైనా తుపాకీ సొంతదారు ఎదురుగా కూర్చుంటేనే చేస్తాడు. ఇచ్చి వెళ్లిపోయి నెల తర్వాత వచ్చి తీసుకెళ్లడం కుదరదు. "నీ సామాను మీద నేను కోత పెడతాన్న. నువ్వు సూడకుంటే ఎట్ల?" అంటాడు. ఆరు ఆదివారాలు ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. నేను పోటీల్లో కాల్చే గుండ్ల డబ్బానే తెప్పించాడు, వేరేవి ముట్టనన్నాడు. కొంచెం తొలవడం, తుడవడం, గుండు పెట్టి చూడడం, తీయడం, మళ్లీ కొంచెం. లేత్ మిషన్ చప్పుడు మారితే చేయి ఎత్తేసేవాడు. కోసి తీసిన తుప్పు ముక్కను కూడా పారేయలేదు, రిజిస్టరులో రాసి చీటీ కట్టి పెట్టాడు. ఒక పూట మూతి చదును చేస్తూ, "సెలక్షన్ ఎన్నడు?" అని అడిగాడు. చెప్పాను. వేళ్ల మీద వారాలు లెక్కపెట్టి, "మార్చికి ముందే అయితది," అన్నాడు. మొహం వెలిగిపోయింది. ఆయన దేనికి సంతోషపడ్డాడో ఆ రోజు నేను పట్టించుకోలేదు.

బిగించాక క్లబ్బులో కాల్చి చూశాను. చాచాను రమ్మంటే రాలేదు. గేటుకు 'సభ్యులు కానివారికి ప్రవేశం లేదు' అని కొత్తగా బోర్డు పెట్టారు. కొత్తగా ఎందుకు పెట్టారో నేను చెప్పక్కర్లేదు. ఐదు గుండ్లూ ఒక బొబ్బర గింజంత చోట పడ్డాయి. పందొమ్మిదేళ్లలో అంత దగ్గరగా నా చేతి మీదుగా ఎప్పుడూ పడలేదు. ఆ అట్ట తీసుకుపోయి చాచాకిచ్చాను. చిల్లు మీద బొటనవేలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, "చప్పుడెట్లుండె?" అన్నాడు. "మెత్తగ ఉండె చాచా," అన్నాను. "ఊఁ," అని అట్టను గల్లాబల్ల అద్దం కింద పెట్టుకున్నాడు.

ఇక మిగిలింది క్లబ్బు కార్డు. సెలక్షన్‌కు పోవాలంటే రైఫిల్ సరిగా ఉందని క్లబ్బు కార్డు ఇవ్వాలి. అందులో బ్యారెల్ ఎవరు బిగించారో రాసే గడి ఉంటుంది. ఆ సోమవారం కార్డు ముందు పెట్టి అన్న మెత్తగా అన్నాడు, "చెల్లె, ఆ గడిల కంపెనీ పేరు రాయి."

"కంపెనీ చేసిందా?"

"చూసిన్రు గద. వాళ్ల చెయ్యి పడ్డది గద. మీదికి పోయినంక ఈ పేరు జూస్తే నూటొక్క ప్రశ్నలేస్తరు. నీ మంచికే అంటాన్న."

"నా మంచికే అగరొత్తులు గుచ్చినవ్. నా మంచికే ఆకు పెట్టినవ్. నా మంచికే గేటుకు బోర్డు పెట్టినవ్. ఇంక నా మంచి చూడకన్నా, నీకు దండం పెడత!"

పెన్ను తీసుకుని ఆ గడిలో చాచా పేరు, లైసెన్సు నంబరు రాశాను. అట్ట చిరిగేంత ఒత్తి రాశాను. అన్న దాన్ని చూసి పక్కన పెట్టాడు. "అట్లయితే కమిటీల పెట్టాలె. వచ్చే వారం కూసుంటం." సెలక్షన్ శుక్రవారం. అది ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.

కార్డు లాక్కుని నాలుగు ముక్కలు చేసి ఆయన బల్ల మీద విసిరాను. "నీ క్లబ్బును నువ్వే ఊరేగించుకో!" అని వచ్చేశాను. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. దసరా నాటి నుంచి గొంతులో పట్టుకున్నదంతా కక్కేసినట్టు. శుక్రవారం నాడు అక్కడ సెలక్షన్ జరుగుతుంటే నేను బడి గ్రౌండులో విజిలేసుకుంటూ పిల్లలను ఎండలో ఎనిమిది రౌండ్లు ఉరికించాను. పాపం వాళ్లేం చేశారు.

ఆ సాయంత్రం బస్సు దిగి చాచా దగ్గరికి పోయాను. గర్వంగానే పోయాను. నీ పేరు కోసం నిలబడ్డాను చాచా అని చెప్పాలని. చెప్పాను కూడా, కార్డు చింపిన ముచ్చట చేతులు తిప్పుకుంటూ.

ఆయన మొహం ఎర్రబడింది. నా చిన్నప్పటి నుంచి ఎరుగుదును, చాచా గొంతు పెంచగా ఆ రోజే విన్నాను.

"ఎవరడిగిన్రు నిన్ను? ఆఁ? నేనడిగిన్నా?"

"చాచా, వాళ్లు నీ పేరు..."

"నా పేరు నా రిజిస్టర్ల ఉన్నది. పోలీసోళ్ల కాడ ఉన్నది. క్లబ్బోళ్ల అట్ట ముక్క మీద లేకుంటే నేను సస్తనా? అరే, ఆ బ్యారెల్ పోటీల పేలాలె! అది గెలిస్తే ఎవరు చేసిన్రని నిన్ను పదిమంది అడుగుదురు. అప్పుడు చెప్పకపోదువా? గింత పెద్ద నోరున్నది నీకు, అట్ట మీద లేంది నోట్లెకెల్లి రాకపోవునా? ఆ సోమవారం వొచ్చి నన్నొక్క మాట అడగాలని తోచలే నీకు?"

తోచలేదు. హైదరాబాద్‌కు పంపేటప్పుడూ ఆయనను అడగలేదు. కార్డు చింపేటప్పుడూ అడగలేదు. ఆ రెండోసారి మాత్రం ఆయన కోసమే చేస్తున్నాననుకున్నాను.

"కమిటీ మీద కోపం నీది బేటీ. తీర్సుకున్నవు. మంచిగైంది నీకు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గింది. కొలతల కడ్డీలు ఒక్కొక్కటి తుడిచి డబ్బాలో పెట్టుకుంటున్నాడు. నోటికొచ్చింది అన్నాను.

"వచ్చే ఏడు ఉన్నది గద చాచా."

"నీకున్నది," అన్నాడు.